సగం లోతు

చిత్తూరు నుంచి బంగారుపాళ్యం పొయ్యే దావలో
పెట్రోలు బంకు దాటినాక రేకుల షెడ్డు.
తలుపు తీసి ఊడ్చినాక
సుద్దముక్కతో ముగ్గేస్తాను.
ఒకటే గీత.
రంపం బ్లేడుకు ఎదురుగా, గోడ దాకా, సూటిగా.
దాని మీద ఎవురూ నిలబడకూడదు,
నాదముని మేస్త్రీ అయినా సరే.

ఈ నెల పని తేనెటీగల పెట్టెలు.
నలభై.
మామిడి పూతకు ముందే తోటల్లో దించాల.
పెట్టె లోపల చట్రాలు వేలాడేదానికి
పలక అంచున గాడి కావాల.
ఎనిమిది నూళ్ల పలకలో మూడు నూళ్ల లోతు.
మిగిలిన అయిదూ ముట్టుకోకూడదు.

"ఆరుపారు కోసేటప్పుడు బ్లేడు కనబడతాది,
భయం దానంతటదే వస్తాది.
గాడి కొట్టేటప్పుడు పలక కింద దాక్కుంటాది.
పైన చూస్తే ఉత్త చెక్క,
నున్నంగా, చెయ్యి పెట్టబుద్ధయ్యేట్టు.
కన్ను మర్చిపోతే చెయ్యీ మర్చిపోతాది సూడమ్మే.
మూత తియ్యకుండా ఈ పని కాదు.
తీసినాక మూత చేసే పని
మనమే చెయ్యాల."

ప్లగ్గు పీకి, బ్లేడు ఎత్తు చూసి,
పనికిరాని ముక్క మీద ఒక గాడి.
కొలత. ఒక వెంట్రుక దించి ఇంకో గాడి.
దువ్వెన పలక పళ్లు చెక్కను అడ్డపట్టెకు అదిమి పట్టాల.
నా చేతికీ పలకకూ నడుమ తోపుడు చెక్క.
గాజులు తీసి మేకుకు తగిలిస్తాను.
జడ కొప్పు చుడతాను.
కరెంటు పోతే
ముందు స్విచ్చి ఆపి, ఆమీదట తిట్టుకోవాల.
అది వచ్చేటప్పుడు
వస్తా ఉండానని చెప్పి రాదు.

పనస పొట్టు పసుపు మాదిరి రాల్తాది.
నెత్తిన పేరంటం చేసుకున్నావా అంటాది మాయమ్మ.

పొద్దు మునిగే యాళకు మేస్త్రీ నోటుబుక్కు తీస్తాడు.
పెట్టెలు ఇన్ని.
పక్కనే ఇంకో లెక్క, వేళ్లు.
ఆయనవి పది, నావి పది, గుణశేఖరవి పది.
చాచి చూపించినాకనే రాస్తాడు.
మొదట్లో నవ్వినాను నేను.

పోయిన మంగళవారం
మేస్త్రీ పన్ను పీకించుకోను టౌనుకు పోయినాడు.
గుణశేఖర తొందరలో పలకను అటుది ఇటు తిప్పినాడు.
రెండో కోతకు తెగిన సన్నపుల్ల
బయటికి రాలాల్సింది,
అడ్డపట్టెకూ బ్లేడుకూ మధ్య చిక్కింది.

చప్పుడు నాకు గుర్తులేదు.
గోడ రేకులో జానెడు పుల్ల దిగబడి
ఇంకా అదురుతా ఉండాది.
కింద నా సుద్దగీత ఆగిపోయిన చోటే.
ఎత్తు కొలిచినాను తర్వాత.
సరిగ్గా నా గొంతు.
గుణశేఖర స్విచ్చి ఆపినాడు.
బ్లేడు తిరిగి తిరిగి నిలబడేదాకా
ఇద్దరం దాన్నే చూస్తా ఉండినాం.

మేస్త్రీ దవడకు దూది పెట్టుకోని వచ్చినాడు.
పుల్లను చూసినాడు, గీతను చూసినాడు.
తిట్టలే, నోరు తెరిస్తే నొప్పి కదా.
గుణశేఖర పుల్లను పీకబోతే వద్దని చెయ్యి ఊపినాడు.
ఒక పలక తీసుకోని, పెన్సిలుతో
ఏ పక్క అడ్డపట్టెకు ఆనాలో గీసి చూపించినాడు,
రాలే ముక్కకు రాలేదానికి దావ ఉండాలని
చేత్తోనే చెప్పినాడు.
మళ్లీ రంపం ఆడించలే ఆ దినం.

నోటుబుక్కులో
పెట్టెలు సున్న.
వేళ్లు ముప్పై.
కూలి మాత్రం నిండుగానే ఇచ్చినాడు.

ఇప్పుడు గాజులు మేకుకు తగిలించను.
ఆ పుల్లకే.